ముగ్గులో లేని చుక్క

సాయినాథ్ దొంగ కాదని తేల్చడానికి నాకు ఆ ఒక్క పగలే మిగిలింది. సాయంత్రం, దొంగతనం ఎంక్వైరీ చేస్తున్న కంపెనీ అధికారి ధర్మేందర్ తన రిపోర్టు మేడ్చల్ స్టేషన్‌లో ఇస్తాడు. అది చేతికందగానే కేసు మూసేస్తారు. దొంగ దొరికాడు, చచ్చాడు కూడా. ఎదురు మాట్లాడడు, వకీలును పెట్టుకోడు. ఇంత సుఖమైన ముద్దాయి పోలీసులకు ఇంకెక్కడ దొరుకుతాడు? ఎస్సైగా రిటైరైనదాన్ని, ఆ ఇంటి గుట్టు నాకు తెలియదా?

నా పేరు దుర్గాబాయి. రిటైరయ్యాక మనవలను ఆడిస్తూ కూర్చోమన్నారు ఇంట్లోవాళ్ళు. నా వల్ల కాలేదు. మేడ్చల్ బస్టాండు దగ్గర ఒక గది తీసుకుని డిటెక్టివ్ అని బోర్డు పెట్టాను. వచ్చేవన్నీ పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలే. అబ్బాయి తాగుతాడా, అమ్మాయి ఎవరితోనైనా తిరిగిందా, ఇదే గోల. బాలమల్లు ఒక్కడే, పోయిన కొడుకు సాయినాథ్ పరువు వెతికిపెట్టమని వచ్చాడు.

పొద్దున్నే శామీర్‌పేటలో ఆయన ఇంటికి వెళ్ళాను. చెరువులో చేపలు పట్టి బతికే మనిషి. కొడుకు పోయినప్పటి నుంచి వల ముట్టలేదు. దండెం మీద వేసింది వేసినట్టే ఎండిపోయి ఉంది.

"చెరువు మీదికి ఎందుకు పోతలేవు బాలమల్లూ?" అని అడిగాను.

"మొన్న పోయిన అమ్మా. నన్ను జూసి ఒకడు, 'మీ మీ వలలు జర జూస్కోండ్రి, సాయిగాని నాయినొచ్చిండు' అన్నడు. అందరు నవ్విండ్రు. చిన్నప్పటి సంది నాతోని చేపల పుట్టి ఎక్కినోళ్ళే నవ్విండ్రు." కండువా చివరతో ముక్కు తుడుచుకున్నాడు. "నా కొడుకు సచ్చిండు. గది దేవుడు జేసిండనుకుంట. దొంగ అనిపిచ్చుకొని సచ్చుడు మాత్రం నాకొద్దు. గంతే నేనడిగేది."

సాయినాథ్ కొంపల్లిలో, కంప్యూటర్ మీద ఆడుకునే ఆటలు తయారుచేసే చిన్న కంపెనీలో పనిచేసేవాడు. దసరా నాడు వాళ్ళ కొత్త ఆట 'పాలపిట్ట' బయటికి వచ్చింది. పండగపూట పాలపిట్టను చూడాలని ఒక పిల్ల ఊరంతా వెతుక్కునే ఆట. ఆ రాత్రికే తాళం లేని, కొనకుండానే ఆడుకోగల దొంగ కాపీ కూడా బయటికి వచ్చింది. ఆ పని సాయినాథే చేశాడని కంపెనీ కేసు పెట్టింది. స్టేషన్‌కు రమ్మని పిలిస్తే, బండి మీద పోతూ తూంకుంట దగ్గర లారీ కింద పడ్డాడు. తప్పు చేసినవాడు కాబట్టే కావాలని పడ్డాడని జనం తీర్పు చెప్పేశారు. జనానికేం, నాలుక ఊరికే తిరుగుతుంది.

యమున చాయ్ తెచ్చి ఇచ్చింది. సాయినాథ్‌తో లగ్గం ఖాయమైన పిల్ల. వాళ్ళది దుండిగల్. అదే కంపెనీలో ఫోన్లెత్తి, ఆట తెరుచుకోవడం లేదన్నవాళ్ళకు ఏంచేయాలో చెప్పే ఉద్యోగం. కోడలిగా రావలసిన ఇంటికి, పెళ్ళి కాకపోయినా, బస్సులు మారి వచ్చి ముసలాయనకు ఇంత ఉడకేసి పోతోంది.

"సక్కెర సరిపోయిందా అమ్మా?" అని అడిగింది.

"సరిపోయింది. ఈ రోజులల్ల ఎవ్వరు జేస్తరు బిడ్డా నువ్వు జేసినట్టు?" అన్నాను. ఆ పిల్ల కప్పులు తీసుకుని లోపలికి పోయింది.

బాలమల్లు గొంతు తగ్గించాడు. "గీ బిడ్డ లేకుంటే నేను గూడ ఆని ఎన్కనే పోదును."

అక్కడి నుంచి స్కూటీ మీద నేరుగా కొంపల్లి వెళ్ళాను. యజమాని జోగారావుది కాకినాడ. కళ్ళ కింద నల్లటి గుంటలతో కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు. ఎదురుగా ధర్మేందర్, మెడలో కార్డు, చేతిలో రెండు ఫోన్లు. ఒకప్పుడు నా కింద కానిస్టేబుల్. ఇప్పుడు ఆటలకు తాళాలు వేసే కంపెనీలో, ఆ తాళాలు పగలగొట్టినవాళ్ళను పట్టుకునే అధికారి.

"ఏం మేడం, గీ సీజన్ల పెండ్లి సంబంధాలు లెవ్వా?" అన్నాడు నన్ను చూడగానే.

"ఉన్నయ్. పిలగాడు నీలెక్క ఉంటే ఇయ్యకుండ్రని జెప్తున్న. నీ సాక్ష్యమేందో జూపియ్."

జోగారావు కంప్యూటర్ తెరిచి ఆట మొదలుపెట్టాడు. తెర మీద ఒక ఇల్లు, వాకిట్లో చుక్కల ముగ్గు. కొన్నవాళ్ళకు ఇచ్చే ఆటకు తాళం ఉంటుంది. తెరిచిన ప్రతిసారీ అది నెట్‌లో ధర్మేందర్ కంపెనీని 'ఈయన నిజంగా కొన్నాడా' అని అడుగుతుంది. కొన్నాడని అక్కడి నుంచి జవాబొస్తేనే ఆట కదులుతుంది. ఆట తయారుచేసేవాళ్ళ కాపీలకు ఆ తాళం ఉండదు, పనికి అడ్డం కాబట్టి. దానికి బదులు ఒక్కొక్కరి ముగ్గులో ఒక్కో చుక్క తీసేశారు. ఎవరి కాపీలో ఏ చుక్క లేదో జోగారావుకూ ధర్మేందర్‌కూ మాత్రమే తెలుసు.

"దొంగ కాపీల కుడిపక్క మూల చుక్క లేదు మేడం. అది సాయినాథ్‌ది," అన్నాడు ధర్మేందర్. "దసరా పొద్దుగాల ఆఫీసుకొచ్చిండు. కింద కెమెరాల పడ్డడు. తన మిషన్ తెరిచిండు, కాపీ తీసిండు, బయటికి ఇడిసిండు. మొదటి నుంచి తాళం వద్దని లొల్లి జేసింది గూడ ఆడే. ఇగ ఇంకేం గావాలె?"

"తాళం వద్దనేవాడన్నది నిజమేనండి," అన్నాడు జోగారావు. "తాళంతో బాధ కొన్నవాడికే సార్, దొంగతనంగా ఆడేవాడికి అసలు తాళమే ఉండదు కదా అనేవాడు. ఆటతోపాటు చిన్న బొమ్మల పుస్తకం ఇద్దాం, మధ్యలో ఎక్కడో ఫలానా పేజీలో ఏ పిట్ట ఉందని అడుగుదాం, పాతకాలం ఆటల్లో అలాగే ఉండేది, నెట్టూ గిట్టూ అక్కర్లేదు అనేవాడు. నేనే ఒప్పుకోలేదు. మా మొదటి ఆట రాష్ట్రమంతా ఆడిందండీ. కొన్నది మాత్రం మా చుట్టాలు. పనిచేసే పిల్లల్ని సగంమందిని ఇళ్ళకి పంపించేశాను. మళ్ళీ ఆ పాపం మూటగట్టుకోలేక తాళం వేయించాను."

ఆయన మాటలో అబద్ధం లేదు. కష్టపడి చేసిన వస్తువును ఊరంతా ఊరికే ఎత్తుకుపోతే ఎవరి కడుపు మండదు?

"సరే. పండుగపూట సాయినాథ్ ఆఫీసుకెందుకొచ్చిండు?" అని అడిగాను.

జోగారావు బల్ల మీది పెన్ను తీసి మళ్ళీ అక్కడే పెట్టాడు. "నేనే వెళ్ళమన్నానండి."

"ఏందీ?"

"పొద్దున్నుంచీ ఎవ్వరికీ ఆట తెరుచుకోలేదు. అందరూ ఒక్కసారి మీద పడేసరికి ఈయన కంపెనీ మిషన్లు పడుకున్నాయి. ఈయన ఫోన్ ఎత్తలేదు. మన ఆఫీసులో నెట్ ఏమైనా పోయిందేమో చూడు సాయీ అని నేనే పంపాను. ఇక్కడ అంతా బాగానే ఉంది సార్, నా ఫోన్‌లో నెట్ వస్తోంది, లోపం వాళ్ళ దగ్గరే అని ఫోన్ చేసి చెప్పి వెళ్ళిపోయాడు."

"గీ ముక్క స్టేషన్ల జెప్పిండ్రా?"

"వాళ్ళు అడగలేదండి."

నా ఒళ్ళు మండిపోయింది. "అడగలేదా? అన్నం పెట్టుండ్రి అని అడిగితేనే పెడ్తరా మీ ఇంట్ల? మీరు పంపితే పండుగ ఇడిసిపెట్టి వచ్చినోణ్ణి, కాపీ తీయనీకే వచ్చిండని దొంగను జేస్తుంటే మీ నోరు లేవలేదా?"

ఆయన తల దించుకున్నాడు. నేను ధర్మేందర్ వైపు తిరిగాను. "నువ్వెందుకు ఎత్తలే ఫోన్?"

"పండుగ మేడం. నాకూ ఇల్లున్నది."

"సాయినాథ్‌కు గూడ ఇల్లుండె. ఆని మిషన్ జూపియ్."

కిటికీ పక్క మూలలో ఉంది. దసరా మర్నాడు పొద్దున, పనివాళ్ళు ఇంకా రాకముందే ధర్మేందర్ దాని చుట్టూ కాగితాలు అంటించి సీలు వేశాడు. మోకాళ్ళు కలుక్కుమంటున్నా కిందికి వంగి చూశాను. సీలు ఎక్కడా చెదరలేదు.

"ఈ బొట్లెవరు పెట్టిండ్రు రావు గారూ?"

"మా ఆవిడండి. దసరా ముందురోజు సాయంత్రం ఆయుధపూజ చేసుకున్నాం. అన్నీ ఆపేసి, ప్లగ్గులు పీకి, తుడిచి బొట్లు పెట్టింది. కంప్యూటర్‌కి నుదురంటే ఆ బటనే కదా అని ప్రతిదానికీ బటన్ మీదే పెట్టింది."

"ధర్మేందర్, ఇట్ల రా. వంగు. జర వంగితే నీ ప్యాంటేం చినగదు."

వంగాడు. నొక్కి తెరిచే బటన్ మీద తడి పసుపు దట్టంగా పూసి, పైన కుంకుమ దిద్ది ఉంది. ఆ పసుపు బటన్ చుట్టూ ఉన్న సందులోకి కూడా దిగి, ఎండి పెచ్చు కట్టింది. పక్క కంప్యూటర్లన్నిటి మీదా ఆ పెచ్చు బటన్ చుట్టూ పగిలి రాలిపోయి, వేళ్ళు తగిలినచోట నల్లబడి ఉంది. దీని మీద మాత్రం గుండ్రంగా, ఎక్కడా బీట లేకుండా నిలిచి ఉంది. పీకిన ప్లగ్గు వైరును చుట్టగా చుట్టి బంతిపూల దారంతో కట్టారు. పూలు వాడి మాడిపోయాయి కానీ ముడి విప్పలేదు.

"మిషన్ తెరువకుండనే కాపీ ఎట్ల దీసిండయ్యా? బొట్టును పర్మిషన్ అడిగిండా?"

ధర్మేందర్ లేచి నిలబడ్డాడు. "బొట్టు మళ్ళ పెట్టొచ్చు మేడం."

"ఎవ్వరు పెడ్తరు? తెల్లారి పొద్దుగాలనే సీలేసింది నువ్వు. పండుగనాడే పెట్టిండంటవా? దొంగతనం జేసి, వైరు సుట్టి, పూలు గట్టి, కుంకుమ దిద్ది, దండం బెట్టి పోయిండా? చదివేటోళ్ళు నవ్వుతరు."

"అయితే పెన్‌డ్రైవ్‌ల ముందుగాలనే తీసుకొని ఇంటికాడ పెట్టుకున్నడేమో."

"ఏమోనా? రిపోర్టుల ఏమో అని రాసినవా? మిషన్ తెరిచిండని రాసినవ్. ఆ మిషన్ నువ్వు గూడ తెరిచి చూడలే. పండుగనాడు నీ తాళం మొరాయించింది. కొన్నోళ్ళంత లొల్లి జేసిండ్రు. ఆ సంగతి ఎవ్వరు మాట్లాడకుండ నీకొక దొంగ గావాల్సొచ్చింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, పోయి ఆని మీద పడ్డవ్."

అతని ముఖం కందగడ్డ అయింది. అయినా ఒక మాట గట్టిగానే అన్నాడు. "మిషన్ సంగతి తప్పయితే తప్పు, రాసింది దిద్దుకుంట. కాపీ మాత్రం ఆనిదే మేడం. ముగ్గు ఆనిదే."

అది నిజం. ఆ నిజమే ఇందాకటి నుంచీ నన్నూ కుడుతోంది. కాపీ సాయినాథ్‌ది. ఈ కంప్యూటర్‌లోంచి పోలేదు. అంటే ఆ కాపీ ఇంకొకరి చేతిలో కూడా ఉండి ఉండాలి.

జోగారావు మొహం రెండు చేతులతో రుద్దుకున్నాడు. "ఆ రోజు లోకమంతా నన్ను తిట్టిందండీ. నా సొంత నంబరు ఎలా సంపాదించారో తెలీదు, పొద్దుట్నుంచీ శాపనార్థాలే. ఒకే ఒక్కడు థ్యాంక్స్ చెప్పాడు. మేడ్చల్‌లో మల్లేష్ అట. పొద్దున అమ్మనాబూతులు తిట్టాడు. తర్వాత మళ్ళీ చేసి, 'తెరుచుకుంది సార్, మీ పిల్లలు సల్లగుండాలె' అన్నాడు. ఆ ఒక్క మాటతోనే ఆ పూట అన్నం తిన్నాను."

"రెండోసారి ఎప్పుడు జేసిండు?"

"జమ్మి పూజకి బయల్దేరుతున్నామండి. సాయంత్రం."

"ధర్మేందర్, నీ తాళం ఎప్పుడు పనిచేసింది మళ్ళ?"

అతను చేతిలోని ఫోన్ తిప్పి చూసుకున్నాడు. తర్వాత, "తెల్లారి," అన్నాడు.

"మరి మల్లేష్‌కు సాయంత్రమే ఎట్ల తెరుచుకుంది?"

 ధర్మేందర్ ముందుగా తేరుకున్నాడు. వాడి బుర్ర చురుకైనదే, అప్పుడూ అంతే. "ఆ నంబర్ ఇయ్యండి సార్," అని చెయ్యి చాచాడు. జోగారావు నంబరు నాకు చూపించి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆలస్యంగానైనా ఆయనకు సిగ్గు వచ్చింది.

"నేను స్టేషన్ల కనుక్కుంట," అన్నాడు ధర్మేందర్ మెట్లు దిగుతూ.

"కనుక్కో. నీ కారు ఆ సందులల్ల తిరిగేలోపు నేను చాయ్ తాగొస్త."

ఆ నంబరుకు ఫోన్ చేసి, ఇల్లు కనుక్కుని మేడ్చల్ వెళ్ళాను. మల్లేష్ స్కూలు బస్సు నడుపుతాడు. మధ్యాహ్నం ట్రిప్పుకు ఇంకా టైముంది, ఇంట్లోనే ఉన్నాడు. ముందు గదిలో మంచం మీద కూతురు నిద్రపోతోంది. మేడ మెట్ల మీంచి పడి తొడ ఎముక విరిగిందట. కాలుకు నడుము దాకా కట్టు.

దసరా సంగతి అడగగానే అతను బయటి అరుగు మీదికి తీసుకెళ్ళాడు, పిల్ల లేవకుండా.

"ఏటేటా దసరాకు ఊరి బయటికి తోల్కపోయి పాలపిట్టను జూపిస్త మేడం. గీయేడు ఎట్ల పోతది? గందుకే ఆట కొన్న. పైసలు గట్టి కొన్న. తెరిస్తే, నువ్వు కొన్నట్టు రుజువు లేదు అంటది. పొద్దుగాల సంది గదే మాట. బిడ్డ ఏడ్సుడు. నేను దొంగనా? పరేషాన్ అయ్యి, నోటికెంతొస్తే అంత తిట్టిన ఆ సారును."

"తర్వాత?"

"కంపెనీ ఫోన్ ఒక మేడం ఎత్తింది. ఏం జేయరాదు అన్నా అన్నది మొదలు. బిడ్డకిచ్చిన ఫోన్. ఇద్దరు మాట్లాడుకున్నరు. ఎన్క నాకు ఒక లింకు పంపింది. ఇది ఎవ్వరికియ్యకు అన్నా, నీ బిడ్డ కోసమే అన్నది."

"ఇచ్చినవా?"

మల్లేష్ అరుగు అంచును గోటితో గీకాడు. "జమ్మి ఇచ్చుకుంటున్నం మేడం. అలాయ్ బలాయ్ అయితాంది. కాలనీ గ్రూపుల అందరు బంగారం, బంగారం అని జమ్మాకు ఫొటోలు పెడ్తుండ్రు. మా కాలనీల ఇంక కొందరు పిల్లలయి గూడ తెరుచుకోలే. ఆళ్ళు గూడ కొన్నోళ్ళే గద, పాపం. ఆ లింకు పెట్టి, ఇగో నా బంగారం అని రాసిన."

దసరాకు బంగారమని జమ్మి ఆకు ఎవరైనా చేతిలో పెడితే మనం దాచుకోం. ఇంకొకరి చేతిలో పెట్టి కౌగిలించుకుంటాం. ఆ లింకూ అలాగే పోయింది. కొన్నవాళ్ళకూ కొననివాళ్ళకూ అందరికీ పండగ కానుక అయింది. పంచినవాళ్ళలో ఒక్కరికీ తాము దొంగతనం చేస్తున్నామన్న ఊహే లేదు.

"తప్పయ్యిందా మేడం?" అన్నాడు.

చెప్పాను. సాయినాథ్ ఎవరో, ఏమయ్యాడో, ఊరు ఏమంటోందో, అంతా. మల్లేష్ అరుగు మీద నుంచి నేల మీదికి జారి కూర్చున్నాడు. "నేను స్టేషన్‌కొచ్చి జెప్తుంటి. నాకెవ్వరు జెప్పలే మేడం. అయ్యో, నేనొచ్చి జెప్తుంటి." అదే మాట పదే పదే అన్నాడు.

"లింకు పంపిన మేడం పేరేంది?"

"తెల్వది. రికార్డున్నది జూడుండ్రి. పిల్లల తల్లిదండ్రులతోని లొల్లి గాకుండ మా ఓనర్ నా ఫోన్ల మాటలన్నీ రికార్డయ్యేటట్టు పెట్టిచ్చిండు."

ఫోన్ నా చెవి దగ్గర పెట్టాడు. ముందు పిల్ల గొంతు, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి ఉంది. "అక్కా, పాలపిట్ట నాకెందుకొస్తలేదు? నా కాలు ఇరిగిందనా?"  అవతల ఒక ఆడపిల్ల గొంతు మెల్లగా అంది. "కాదు బంగారూ. నీకు వస్తది. నా దగ్గర ఒకటున్నది, పంపిస్త. ఏడ్వకు."

ఆ గొంతు నాకు తెలుసు. పొద్దున చాయ్‌లో చక్కెర సరిపోయిందా అని అడిగింది.

చాలామంది నేరస్తులను పట్టుకున్నాను. దొరికారన్న క్షణంలో లోపల ఒక సంతోషం పొంగుతుంది, దాచుకోవడం కష్టం. ఆ రోజు మాత్రం అది రాలేదు.  మల్లేష్ నీళ్ళు తెస్తానన్నాడు, వద్దన్నాను.

సందు మొదట్లో ధర్మేందర్ కారు హారన్ వినిపించింది. అతను కూడా ఈ గొంతు వింటాడు. కొంపల్లి ఆఫీసుకు వచ్చినప్పుడల్లా వినే గొంతే, గుర్తుపట్టడానికి క్షణం చాలు. స్కూటీ తిప్పి, ఆపకుండా శామీర్‌పేట దాకా వచ్చాను.

యమున వాకిట్లో నల్లా దగ్గర బియ్యం కడుగుతోంది. బాలమల్లు లోపల ఉన్నాడు.

"మల్లేష్ ఇంటికి పోయొచ్చిన," అన్నాను.

చేతులు ఆగలేదు. బియ్యం నీళ్ళు వంచింది, మళ్ళీ పట్టింది. "ఆ పిల్ల నడుస్తాందా అమ్మా?"

"ఇంకా లేదు."

"ఆ దినం సెలవని ఇంట్లకెళ్ళే ఫోన్లెత్తిన. పొద్దుగాల సంది అందరు తిట్టుడే. అందరికీ సారీ, సారీ, సారీ. ఆ పిల్ల తిట్టలే. తన కాలు ఇరిగిందనే వస్తలేదనుకుంది." గిన్నె గట్టు మీద పెట్టింది. "జనాలకు జెప్పాలంటే నాకు ముందుగాల ఆట రావాలె గద. మా ఫోన్లోళ్ళకు తాళమున్న ఆటనే ఇస్తరు, మా దుండిగల్ల నెట్ నిలవదని సాయి తన కాపీ లింకు ఇచ్చిండు. గదే పంపిన. ఒక్క పిల్లకే అనుకున్న."

"సాయినాథ్‌కు తెల్సా?"

"దొంగ కాపీల ముగ్గు తనదే అని ఆఫీసుల అనంగనే తెల్సిపోయింది. నేనే జేసిన్నని పోయి జెప్తనన్న. సాయి ఇన్లే. 'మీ నాయిన పక్షవాతంతోని పడి ఉన్నడు, నీ మీదనే ఇల్లు నడుస్తాంది, నేనే జేసిన్నని ఒప్పుకుంటే సార్ తిట్టి పనిలకెళ్ళి తీసేస్తడు, గంతే గద' అన్నడు. స్టేషన్‌కు పోతున్న, నువ్వు నోరు తెరువకు అని ఫోన్ జేసిండు. జర సేపటికి ఆని నంబర్‌కెళ్ళే మళ్ళ ఫోన్ వచ్చింది. తూంకుంటల ఎవరో ఎత్తి మాట్లాడిండ్రు."

ఆ పిల్లను లాగి చెంప మీద కొట్టాలనిపించింది. దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. ఏదీ చేయలేకపోయాను.

"ఇన్ని దినాలు ఎందుకు జెప్పలే? ఆ ముసలాయనను దొంగ నాయిన అంటుండ్రు. నీకు తెల్సు."

"ఆయనకు వండెటోళ్ళు లేరని..." అని ఆగింది. "కాదమ్మా. అబద్ధం. బిడ్డా అని పిలుస్తడు. జెప్తే ఆ పిలుపు పోతదని భయం. సాయి పోయిండు, గిది గూడ పోతే ఎట్లనని."

ధర్మేందర్ వస్తున్నాడని చెప్పాను. తల ఊపింది. "బియ్యం కడిగిన. మామకు బువ్వ పెట్టి నేనే జెప్త. జర ఆగుండ్రి."

అన్నం ఉడికేదాకా నేను గడప దగ్గర కూర్చున్నాను. వడ్డించాక బాలమల్లు నన్ను కూడా తినమన్నాడు. ఆకలి లేదన్నాను. ఆయన ముద్ద కలుపుతుండగా, ఇక ఆగలేక చెప్పేశాను. "బాలమల్లూ, నీ కొడుకు దొంగ కాదు. సాక్ష్యం దొరికింది. ఎల్లుండికల్లా స్టేషన్లనే కాగితం మీద రాయిస్త."

ఆయన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. కళ్ళ వెంట నీళ్ళు జలజలా కారాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "బిడ్డా, ఇన్నవా? సాయి దొంగ కాదట! నేనన్ననా లేదా? నా కొడుకు గసొంటోడు గాడని అన్ననా లేదా?"

యమున గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఎవ్వరమ్మా మరి వాడు?" అని నన్నడిగాడు.  "జెప్పుండ్రి. కొట్టను, తిట్టను. సచ్చినోడు ఎట్లాగు రాడు. వాన్ని ఒక్కటే అడుగుత. నా కొడుకు దవాఖాన మార్చురీల పండుకున్న దినం, వాడు బువ్వ తిన్నడా? గదొక్కటే."

"తినలే మామా," అంది యమున.

ఆయనకు అర్థం కాలేదు. "నువ్వు తినలేవని నాకు ఎర్కే బిడ్డా. నేనడుగుతాంది ఆని సంగతి."

"నేనే మామా. ఆ కాపీ నేనే పంపిన. సాయి నా కోసం పోయిండు."

 బాలమల్లు ఆ పిల్లనే చూస్తున్నాడు. చేతిలోని ముద్ద విడిపోయి మెతుకులు కంచంలో రాలాయి. నాయనా ఏదైనా అను, తిట్టు, కేకలెయ్యి అని నేను లోపల మొక్కుకుంటున్నాను. 

బయట పోలీసు జీపు ఆగింది. తలుపులు ధడేల్మన్నాయి. "యమున ఉన్నదా ఇంట్ల?" అని ధర్మేందర్ గొంతు. వెనక మరో ఇద్దరి బూట్ల చప్పుడు.

బాలమల్లు లేచాడు. చెంబుతో చెయ్యి కడుక్కుని గుమ్మంలోకి నడిచాడు. రెండు చేతులూ రెండు పక్కల తలుపు చెక్కలకు ఆనించి నిలబడ్డాడు.

"ఉన్నది. బువ్వ తింటాంది. తిన్నంక రా."

"పెద్దాయనా, నీకు దెల్వది. నీ కొడుకును దొంగ అనిపిచ్చింది ఆ పిల్లనే."

"ఎర్కే. నాకు జెప్పింది. తిన్నంక రా అంటున్న."

ధర్మేందర్ నా కోసం లోపలికి తొంగి చూశాడు. నేను చెయ్యెత్తి ఆగమన్నాను. ఎందుకో వాడు ఆగాడు.

బాలమల్లు వెనక్కి తిరగలేదు. "పెట్టుకొని తిను," అన్నాడు. ఆ గొంతులో ప్రేమ ఉందో కోపం ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. "నా మొకం జూడకు. తిను."

యమున కంచం ముందు కూర్చుంది. అన్నం పెట్టుకుంది, కలిపింది, ముద్ద చేసింది. నోటి దాకా పోలేదు. గుమ్మంలో బాలమల్లు భుజాలు అదురుతున్నాయి, చేతులు మాత్రం చెక్కల మీది నుంచి తీయలేదు.